పెద్దయ్యాక ‘ఎందుకు?’ తగ్గుతుందా, తగ్గినట్టు కనిపిస్తుందా?

“నాలుగేళ్ల పిల్ల రోజుకు మూడు వందలకు పైగా ప్రశ్నలు అడుగుతుంది. ఈరోజు మీరెన్ని అడిగారు?” ఇలాంటి పోస్టు మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. దాని కింద, చిన్ననాటి కుతూహలాన్ని మళ్లీ తెచ్చుకోండి అని ఒక సలహా. ఆ సలహా కింద ఏదో కోర్సు ప్రకటన. తిరుపతి, చిత్తూరు లాంటి ఊళ్లలో ఈ మాట బాగా తగులుతుంది. పిల్లల్ని కోచింగ్‌లో వేసి, వాళ్లు ఏదీ అడగడం మానేశారని దిగులుపడే అమ్మానాన్నలు ఇక్కడ ఇంటింటా ఉన్నారు. రిటైరయ్యాక పొద్దున్నే యూనివర్సిటీ వైపు నడుస్తూ ‘ఇప్పుడేదైనా నేర్చుకుంటే ఎక్కుతుందా’ అని ఒకరినొకరు అడిగేవాళ్లూ ఉన్నారు.

పోయిందంటున్నదేమిటో ముందు తేలాలి. అది నిజంగా పోయిందో లేదో ఆ తర్వాత చూడొచ్చు. మనస్తత్వ శాస్త్రంలో దీనిమీద డెబ్బై ఏళ్లుగా పని జరుగుతోంది. అందులో తేలినవి కొన్నే, తేలనివే ఎక్కువ.

ఆ మూడు వందల అంకె ఎక్కడిది?

ఎక్కువగా తిరిగే అంకె 390. నాలుగేళ్ల ఆడపిల్ల రోజుకు అన్ని ప్రశ్నలు అడుగుతుందట. 2013లో బ్రిటన్‌లో ఒక ఆన్‌లైన్ షాపింగ్ సంస్థ తల్లులను అడిగి ప్రకటించిన సంఖ్య ఇది. పిల్ల పక్కన కూర్చుని ఎవరో లెక్కపెట్టింది కాదు. రోజంతా ప్రశ్నలతో అలిసిపోయిన తల్లిని ‘ఎన్ని అడిగి ఉంటుంది’ అంటే ఏం చెబుతుందో మనకు తెలియనిది కాదు.

నిజంగా లెక్కపెట్టినవాళ్లూ ఉన్నారు. బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే బ్రిటిష్ పరిశోధకులు, నాలుగో ఏడు నిండబోతున్న 30 మంది ఆడపిల్లల మాటలను ఇంట్లోనూ నర్సరీ బడిలోనూ రికార్డు చేసి 1984లో ప్రచురించారు. ఇంట్లో తల్లితో ఉన్నప్పుడు సగటున గంటకు 26 ప్రశ్నలు. బడిలో టీచరుతో ఉన్నప్పుడు గంటకు 2.

పిల్ల అదే, వయసు అదే. మారింది చోటు, ఎదురుగా ఉన్న మనిషి. ‘వయసు పెరిగేకొద్దీ కుతూహలం చచ్చిపోతుంది’ అనే మాట ఇక్కడే కాస్త తడబడుతుంది. నాలుగేళ్లకే, ఒకే రోజులో, గుమ్మం దాటితే ప్రశ్నలు ఇంతగా పడిపోయాయంటే దానికి వయసును తప్పుపట్టలేం.

కుతూహలంలో రకాలు

డేనియల్ బెర్లైన్ అనే శాస్త్రవేత్త 1950ల నుంచి చేసిన విభజన ఇప్పటికీ పనికొస్తుంది. ఏమీ తోచక ఏదో ఒక కొత్తదనం కోసం వెతకడం ఒక రకం. బస్సు కోసం నిలబడి రీల్స్ తిప్పడం ఈ లెక్కలోకి వస్తుంది. ఒక ఫలానా సంగతి తెలుసుకోవాలని పట్టుకోవడం ఇంకో రకం. మొదటిదానికి ఏదైనా సరిపోతుంది. రెండోదానికి ఆ ఒక్క జవాబే కావాలి.

తర్వాత జోర్డన్ లిట్‌మన్ అనే మనస్తత్వవేత్త ఈ రెండోదాన్నే మరో పక్క నుంచి చూశాడు. పదో తరగతి ఫలితాలు వచ్చే రోజు ఇంట్లో ఉండే ఆత్రం కూడా తెలుసుకోవాలనే కోరికే. కానీ అది బాధ, తెలిస్తే తప్ప పోదు. వాన వెలిశాక చీమల బారు ఎటు పోతోందో చూస్తూ కూర్చోవడమూ తెలుసుకోవాలనే కోరికే. అందులో బాధ లేదు. జవాబు దొరక్కపోయినా నష్టం లేదు.

‘చిన్ననాటి కుతూహలం’ అన్నప్పుడు మన మనసులో మెదిలేది చీమల బారు. పెద్దల రోజుల్లో ఎక్కువగా ఉండేది ఫలితాల ఆత్రం: లోన్ వచ్చిందా, రిపోర్టులో ఏముంది, దర్శనం టోకెన్ దొరుకుతుందా. ఇదీ కుతూహలమేనని ఒప్పుకుంటే, పెద్దలకు కుతూహలం తక్కువని అనడం కష్టం.

సగం తెలిసినదే ఎక్కువగా గుచ్చుతుంది

1994లో జార్జ్ లోవెన్‌స్టైన్ అనే పరిశోధకుడు రాసిన సిద్ధాంతాన్ని ఈ రంగంలో ఎవరూ పక్కన పెట్టలేదు. తెలిసినదానికీ తెలుసుకోవాలనుకున్నదానికీ మధ్య ఉన్న ఖాళీ మన కంట పడినప్పుడే కుతూహలం పుడుతుందంటాడు ఆయన. ఏమీ తెలియని విషయంలో ఖాళీ ఉందని కూడా తెలియదు. అంతా తెలిసిన చోట ఖాళీయే లేదు.

మన ఊరి ఉదాహరణే చూద్దాం. ఏడుకొండల పేర్లు చెప్పమని తిరుపతి మనిషినెవరినైనా అడగండి. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి... ఆరు వచ్చి ఏడోది నాలుక చివర ఆగిపోతే ఇక ఆ మనిషికి కుదురుండదు. అన్నం తింటూ కూడా గొణుక్కుంటూనే ఉంటాడు. అసలు ఒక్క పేరూ తెలియనివాడు హాయిగా ‘తెలీదబ్బా’ అని వెళ్లిపోతాడు. (వృషభాద్రి. మీరూ వెతుకుతుంటారని చెప్పేస్తున్నాను.)

ఇది ప్రయోగంలోనూ కనబడింది. 2009లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో జనానికి 40 జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలిచ్చి, జవాబు తెలుసన్న నమ్మకం ఎంత, తెలుసుకోవాలని ఎంత ఉంది అని రెండూ అడిగారు. బొత్తిగా తెలియనివాటి మీద ఆసక్తి తక్కువగా ఉంది, బాగా తెలిసినవాటి మీదా అంతే. నమ్మకం మధ్యలో ఊగుతున్న చోటే ఆసక్తి ఎక్కువ.

తిరుమల ఘాట్ రోడ్డులో ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ కొండ కోసిన చోట్ల రాళ్లు రెండు రకాలుగా కనిపిస్తాయి. కింద గ్రానైట్, దానిమీద పొరలు పొరలుగా ఎర్రటి క్వార్ట్‌జైట్. భారత భూవైజ్ఞానిక సర్వే దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఎన్నిసార్లు కొండెక్కినా చాలామంది దీన్ని చూడరు. రాయి రాయే కదా. చూసినా ప్రశ్న పుట్టదు.

ఇప్పుడు ఒక్క ముక్క తెలిసిందనుకోండి: ఆ రెండు రాళ్లు ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఉన్నా, వాటి వయసుల మధ్య తేడా దాదాపు 80 కోట్ల ఏళ్లు. వెంటనే ‘మధ్యలో ఆ ఏళ్లన్నీ ఏమయ్యాయి?’ అని మనసు అడుగుతుంది. ఆ కాలమంతా గ్రానైట్ నేల ఎండకూ వానకూ అరిగింది. దానిమీద ఏదైనా పేరుకుని ఉన్నా అదీ కొట్టుకుపోయింది. తర్వాత నీళ్లొచ్చాయి, ఇసుక పేరుకుంది, ఆ ఇసుకే గట్టిపడి ఇప్పుడు పైన కనిపించే రాయి అయింది. ఆ పైరాయికి భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నగరి క్వార్ట్‌జైట్, మన నగరి పేరే. ఈ జవాబు తెలిశాక ఇంకోటి: నీళ్లా? తిరుమల మీదా? అప్పటికి అది కొండే కాదని తెలిస్తే, మరి కొండ ఎప్పుడైంది?

ఒక జవాబు రెండు ఖాళీలను తెరుస్తుంది. ‘కుతూహలం కావాలంటే తెలిసినవన్నీ మర్చిపోయి పసిపిల్లల్లా అవ్వాలి’ అనే సలహాకు ఈ సిద్ధాంతం సరిగ్గా ఎదురు నిలబడుతుంది. దీని ప్రకారం తెలిసింది ఎంత ఎక్కువైతే గుచ్చడానికి అన్ని అంచులు.

‘తెలుసు’ అనుకోవడం

అలాగైతే అన్నీ తెలిసిన పెద్దలకు ప్రశ్నలు కుప్పలుగా ఉండాలి కదా, ఎందుకు లేవు? నాకు అన్నిటికన్నా నమ్మదగ్గదిగా అనిపించే వివరణ 2002లో రోజెన్‌బ్లిట్, కైల్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో ఉంది. జిప్పు, తాళం, కుట్టుమిషను, ఫ్లష్ టాయిలెట్ లాంటివి ఎలా పనిచేస్తాయో ఎంతవరకు తెలుసని ముందు మార్కులు వేసుకోమన్నారు. తర్వాత మెట్టు మెట్టుగా వివరించి రాయమన్నారు. రాయబోయేసరికి జనం తమ మార్కులు తామే తగ్గించుకున్నారు. రోజూ వాడుతున్నాం కాబట్టి తెలుసనుకున్నారు.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి టోల్‌ప్లాజా ఎవరికి తెలియదు? అక్కడికి దగ్గర్లోనే జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉందని కూడా చాలామందికి తెలుసు. ‘రాడార్ ఉంది, వాతావరణం చూస్తారు’ అంటారు. బాగానే ఉంది. రాడార్ అంటే తరంగం పంపి, ఏదో ఒకదానికి తగిలి తిరిగొచ్చినదాన్ని పట్టుకోవడం. మేఘం లేని ఆకాశంలో, ఖాళీ గాలిలో తరంగం దేనికి తగులుతుంది?

ఇక్కడ ‘తెలుసు’ ఆగిపోతుంది. గాదంకిలో 32 వరసల్లో వరసకు 32 చొప్పున మొత్తం 1024 యాంటెన్నాలు నేలమీద నిలబడి ఉంటాయి. పెద్ద డిష్ తిరుగుతూ కనిపించదు. అవన్నీ కలిసి పైకి పంపే రేడియో తరంగాలు, గాలి సుడులు తిరిగే చోట ఉష్ణోగ్రతలో, తేమలో ఉండే చిన్న చిన్న తేడాలకు తగిలి అతి కొద్ది భాగం వెనక్కొస్తాయి. వెనక్కొచ్చినప్పుడు వాటి ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి, ఆ ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో లెక్కగడతారు. కంటికి కనబడని గాలే అక్కడ అద్దం.

పిల్లాడు ఈ ప్రశ్న అడుగుతాడు, వాడికి ‘వాతావరణ రాడార్’ అనే మాట సరిపోదు గనక. మనకు మాట దొరికితే చాలు, ఖాళీ మూతపడిపోతుంది.

బడే చంపేస్తోందా?

టిజార్డ్, హ్యూస్ లెక్కను చాలామంది బడి మీద తీర్పులా వాడతారు. అది తొందరపాటు. ఇంట్లో ఒక తల్లి, ఒకరిద్దరు పిల్లలు. బడిలో టీచరు చుట్టూ ఎందరో. ప్రశ్న అడిగే వంతు ఎప్పుడొస్తుంది? పైగా అది ఒక దేశంలో, ఒక కాలంలో, 30 మంది పిల్లల లెక్క.

కానీ బడిని పూర్తిగా వదిలేయడానికీ వీల్లేదు. 2011లో ఎలిజబెత్ బోనావిట్జ్ బృందం గొట్టాలతో ఒక వింత బొమ్మ తయారుచేసింది. అందులో నాలుగు పనులు దాగి ఉన్నాయి: ఒకచోట లాగితే కీచుమంటుంది, ఒకచోట లైటు వెలుగుతుంది, ఒకచోట సంగీతం, ఒకచోట అద్దం. కొందరు పిల్లలకు ‘ఇదిగో, ఇది ఇలా పనిచేస్తుంది’ అని కీచు శబ్దం ఒక్కటే చూపించారు. మిగతావాళ్లకు అలా పాఠం చెప్పలేదు. పాఠం విన్న పిల్లలు ఆ ఒక్కటే చక్కగా నేర్చుకున్నారు, మిగతా మూడింటి కోసం పెద్దగా వెతకలేదు. పాఠం విననివాళ్లు ఎక్కువసేపు ఆడారు, ఎక్కువ కనిపెట్టారు.

‘చూశారా, నేర్పితే పాడవుతారు’ అనేస్తారు కొందరు. పరిశోధకులు చెప్పింది ఇంకొంచెం లోతుగా ఉంది. పిల్లలు తెలివిగానే ఆలోచించారు: తెలిసిన పెద్దమనిషి ఒక్కటే చూపించిందంటే ఇంకేమీ లేవన్నమాట. అంటే పాఠం ఒకేసారి రెండు పనులు చేస్తుంది. చెప్పింది త్వరగా ఎక్కుతుంది, చెప్పనిది లేదనిపిస్తుంది. మెడికల్ సీటు కోసం తయారయ్యే పిల్లకు మొదటి పనే ప్రాణం. ఆ ఇంటికి వెళ్లి ‘పిల్లను స్వేచ్ఛగా వెతకనివ్వండి’ అని చెప్పడం సులువు, ఫీజు కట్టేది మనం కాదు కాబట్టి.

రెండో వైపు వాదన కూడా ఈ నేలమీదే పుట్టింది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పోలికలు, బహుమతులు, భయం కలిసి నేర్చుకునే గుణాన్నే దెబ్బతీస్తాయని జీవితమంతా మాట్లాడాడు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి ఆ ఆలోచన మీదే 1930ల నుంచి అక్కడ నడుస్తోంది. చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం ఆ సంస్థ తయారుచేసిన పద్ధతిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కార్డులతో ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకుంటారు. దాన్ని వేరే రాష్ట్రాల సర్కారు బడులూ తీసుకున్నాయి. ఇలాంటి చదువువల్ల పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ కుతూహలంతో ఉంటారా? ఇష్టంగా రిషివ్యాలీ లాంటి బడికి పంపే ఇళ్లలో ముందే పుస్తకాలు, తీరిక ఉంటాయి గనక బడి ప్రభావాన్ని ఇంటి ప్రభావం నుంచి విడదీయడం కష్టం.

వెతకడం, వాడుకోవడం

వయసుకు బొత్తిగా పాత్ర లేదని కాదు. పిల్లల ఆలోచన మీద పరిశోధించే ఆలిసన్ గోప్నిక్ వాదన ఏమిటంటే, బాల్యం ఉన్నదే వెతకడానికి, పెద్దతనం ఉన్నది వెతికి దొరికినదాన్ని వాడుకోవడానికి. 2014లో ఆమె బృందం ప్రచురించిన ప్రయోగంలో ఒక పెట్టె ఉంటుంది. దానిమీద కొన్ని దిమ్మెలు పెడితే పాట వస్తుంది. ఒక్కో దిమ్మె విడిగా పెడితే ఏమీ కాదు, రెండు ఫలానావి కలిపి పెడితేనే వస్తుంది. ఆ సూచనలు కళ్లముందే ఉన్నా కాలేజీ విద్యార్థులు ‘పాట తెచ్చేది ఏదో ఒక్క దిమ్మే’ అనే పట్టులోనే ఉన్నారు. నాలుగైదేళ్ల పిల్లలు ‘రెండూ కలిస్తేనే’ అని త్వరగా పట్టేశారు. పెద్దల అనుభవంలో ఒక ఫలితానికి ఒక కారణం ఉండటమే ఎక్కువ, ఆ అనుభవమే అడ్డం పడింది.

అయితే అదే అనుభవం బోరుమోటారు మెకానిక్ దగ్గర చూడండి. పలమనేరు వైపు ఏ తోటలోనైనా మోటారు శబ్దం విని ‘వైండింగ్ పోయింది’ అని చెప్పగలిగేవాడు ఉంటాడు. వాడు పిల్లాడిలా ప్రతి అవకాశాన్నీ పరీక్షిస్తూ కూర్చుంటే పైరు ఎండిపోతుంది. వెతకడానికి ఖర్చవుతుంది. పిల్లల విషయంలో ఆ ఖర్చు భరించేది అమ్మానాన్నలు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోందా లేదా అని పిల్ల చూసుకోనక్కర్లేదు కాబట్టే చీమల వెంట పోగలుగుతుంది. ‘పిల్లల్లా ఉండండి’ పోస్టులు ఈ సంగతి ఎత్తవు. ఇంటి పనంతా నెత్తిన ఉన్న ఆడవాళ్లకు ఆ సలహా ఎలా వినిపిస్తుందో రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

దీనికి సిగ్గు తోడవుతుంది. ‘ఇంత వయసొచ్చింది, ఇది కూడా తెలీదా?’ అనే మాటకు జడిసి ఆఫీసులో, బ్యాంకులో, మనవడి ఫోన్ ముందు నోరు మూసుకునేవాళ్లకు లోపల ప్రశ్న లేక కాదు.

వయసుతో ఏది తగ్గుతుంది, ఏది పెరుగుతుంది

‘నాకు కొత్త విషయాలంటే ఇష్టం’ అని తన గురించి తాను చెప్పుకునే గుణం ఒకటి, ఇప్పుడు ఈ ప్రశ్నకు జవాబు కావాలనిపించే స్థితి మరొకటి. 2025లో వచ్చిన ఒక అధ్యయనం 20 నుంచి 84 ఏళ్ల వాళ్లలో రెండింటినీ విడివిడిగా కొలిచింది. మొదటిది వయసుతోపాటు తగ్గుతూ పోయింది. రెండోది యవ్వనం దాటేటప్పుడు తగ్గి, నడివయసు తర్వాత మళ్లీ పెరిగింది.

తగ్గిన ఆ మధ్యకాలం ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి అప్పు ఒకేసారి మీదపడే కాలం. కారణం అదేనని పరిశోధకులు నిరూపించలేదు, కానీ ఊహ అటే పోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. వీళ్లు ఒకే మనుషుల్ని అరవై ఏళ్లు వెంబడించలేదు, వేర్వేరు వయసుల వాళ్లను ఒకేసారి పోల్చారు. నేటి డెబ్బై ఏళ్లవాళ్లు పెరిగిన రోజులు వేరు, ఆ తేడా కూడా అంకెల్లో కలిసి ఉండొచ్చు.

వెంటనే దొరికే జవాబు

ఏఐ చాట్‌ను అడిగితే క్షణంలో చెబుతుంది, ఇక కుతూహలం ఎందుకుంటుంది అన్నది ఇప్పటి భయం. దీనికి దగ్గరగా వచ్చే పరిశోధన 2014 నాటిది. మథియాస్ గ్రూబర్ బృందం ప్రశ్న చూపించి, జవాబు ఇచ్చే ముందు కొన్ని సెకన్లు ఆపింది. ఆ మధ్యలో సంబంధం లేని ఒక ముఖం చూపించింది. బాగా కుతూహలం రేపిన ప్రశ్నల జవాబులు జనానికి బాగా గుర్తున్నాయి, ఆ ఎదురుచూపులో కనిపించిన ముఖాలు కూడా మిగతావాటికన్నా ఎక్కువ గుర్తున్నాయి. ఎదురుచూసే ఆ కాసేపు మెదడు చుట్టూ ఉన్నవాటినీ పట్టుకుంటోందన్నమాట.

దీన్నిబట్టి ‘వెంటనే జవాబిస్తే జ్ఞాపకం పోతుంది’ అనలేం, ప్రయోగం అది అడగలేదు. ఫోన్ లేని రోజుల్లో ఘాట్ రోడ్డు రాయి మీద ప్రశ్న పుట్టినా దాన్ని అడగడానికి మనిషే దొరికేవాడు కాదు, ప్రశ్న అలిపిరి దిగేలోపు చచ్చిపోయేది. ఇప్పుడు జవాబు ఫోన్‌లోనే దొరుకుతుంది. ఆ జవాబుతో ఆగిపోతామా, అది తెరిచిన రెండో ఖాళీలోకి పోతామా అన్నది యంత్రం చేతిలో లేదు.

కొలతకు దొరకనిది

ఇప్పటివరకు చెప్పిన కొలతల్లో చాలావాటికి ఒకే లోపం. అవి క్విజ్ ప్రశ్నలతోనో, బొమ్మలతోనో, ‘మీకు కొత్త విషయాలంటే ఇష్టమా’ అనే ఫారంతోనో కొలుస్తాయి.

శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్లు బట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. నల్ల గీతల కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి కొన్ని వారాలు పులియబెడతారు. ఆ నీళ్లను కసిం అంటారు. ఆ నీళ్లు కుండలో నల్ల సిరాలా ఉండవు. కలం బట్టను తాకాక నలుపు తిరుగుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, కసింలోని ఇనుము కలిసిన చోట పుట్టే నలుపు అది. మామూలు బట్టమీద గీస్తే ఆ నలుపు రాదు. మరి పాలెందుకు? అందులోని కొవ్వు వల్ల గీత పక్కకు పాకకుండా నిలుస్తుంది. బెల్లం బదులు ఇంకోటి వేస్తే? ఎండ తక్కువైన రోజు ఆరబెడితే? బావి నీళ్లకూ స్వర్ణముఖి నీళ్లకూ రంగు తేడా వస్తుందా?

ఇలా ఒకే నలుపు వెంట ఇరవై ఏళ్లు తిరిగే చేతిపనివాడు క్విజ్ ప్రశ్నకు ‘నాకొద్దు’ అనొచ్చు. కొత్త ఊళ్లు, కొత్త వంటలు, కొత్త పరిచయాలు ఇష్టమా అనే ఫారంలో అన్నిటికీ ‘లేదు’ అని గీత పెట్టొచ్చు. ఇప్పుడున్న కొలమానాల్లో అతనికి పడేది తక్కువ మార్కే.